రెండు వైర్లూ పెద్దాయన చేతే పీకించాను

కర్నూలు,
ఆదివారం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ముందు ఇది చదువు. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, చూపు బాగా వచ్చింది. చెల్లికి నంద్యాల బదిలీ. ఇంతే, మిగతావి తర్వాత.

ఆదోనిలో జిన్నింగు మిల్లు, ఇక్కడ ఆఫీసు ఉన్న షావుకారు గురించి ఫోన్లో చెప్పాను కదా. వాళ్ళ సర్వర్ల పని అయిపోయింది. ఆఖరి రోజు జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

వాళ్ళ దగ్గర పాత మిషన్లు ఐదు ఉండేవి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, ఫైళ్ళకి ఒకటి, లాగిన్లకి ఒకటి, ఇంకేవో రెండు. పోయిన వేసవిలో ట్యాలీ మిషన్‌లో డిస్కు పోయింది. పది రోజుల లెక్కలు కాగితాలు చూసి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. ఎక్కించింది ఎవరనుకున్నావు? అరవై దాటిన గుమాస్తా. అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు ఆ ఆఫీసు కింది గదిలో చిట్టా పుస్తకాలన్నీ బురదలో నానిపోయాయట. ఒక్కో పేజీ విడదీసి మిద్దె మీద ఆరబెట్టానని చెప్తూ, వేళ్ళతో పేజీ విడదీసినట్టే చూపించాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది రా.

అందుకే షావుకారు ర్యాక్ పెట్టడానికి కింది గది చూపించగానే పెద్దాయన అడ్డం పడ్డాడు. "కింద వద్దప్పా, నీళ్ళు చూసినోన్ని చెప్తాండా." ఆయన మాటే నిలబెట్టాను. పై గది పడమటి ఎండకి కాగిపోతుంది, మన ఊరి మే నెల నీకు తెలియనిదా. అందుకని ఏసీలు రెండు పెట్టించాను, వంతులవారీగా నడిచేట్టు.

ఇక ప్లాను. ఏదీ కొనకముందే పాత మిషన్ల మీద ఎంత లోడు పడుతోందో కొలిచాను. ప్రాసెసర్లు పది శాతం పని కూడా చెయ్యడం లేదు, నత్తనడక అంతా డిస్కులదే. కాబట్టి ఖరీదైన ప్రాసెసర్లు మానేసి ఆ డబ్బు ర్యామ్ మీద, కరెంటు హఠాత్తుగా పోయినా చేతిలో ఉన్న డేటా రాసేసే రకం ఎస్ఎస్‌డీల మీద పెట్టించాను. సర్వర్లు రెండు, వాటి మీద ప్రాక్స్‌మాక్స్. ఒకే సర్వర్ లోపల చాలా మిషన్లని వీఎంలుగా, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లుగా, నడిపే సాఫ్ట్‌వేర్ అది. షావుకారు "వీఎంవేర్ వెయ్యవా?" అన్నాడు, అదీ ఇట్లాంటిదే. బళ్ళారిలో వాళ్ళ బావమరిది దగ్గర అదే ఉందట. 2023 నవంబరులో దాన్ని బ్రాడ్‌కామ్ కొన్నాక, ఒకసారి కొని ఉంచుకునే లైసెన్సులు ఆపేశారు, ఇప్పుడంతా చందానే అని చెప్పాను. ప్రాక్స్‌మాక్స్‌కి లైసెన్సు ఖర్చు లేదు, సపోర్టు కావాలంటేనే డబ్బు కట్టాలి.

విండోస్ దగ్గర మాత్రం తప్పించుకోలేం. సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఒకటి కొంటే రెండు వీఎంలకే చెల్లుతుంది. వీఎం ఏ సర్వర్ మీదికైనా వెళ్ళొచ్చు కాబట్టి రెండు సర్వర్లకీ కొనాలి. చాలామంది ఈ సంగతి కొటేషన్‌లో ఎక్కడో చివర ఇరికిస్తారు. నేను మొదటి పేజీలోనే రాశాను. షావుకారు మొహం మారింది, కానీ సంతకం పెట్టాడు. మిల్లు గేటు దగ్గర తూకం కాటాకి ఉన్న కంప్యూటర్‌ని మాత్రం వీఎం చెయ్యలేదు. దానికి సీరియల్ కేబులు, యూఎస్‌బీ డాంగిలు ఉన్నాయి, అది అక్కడే ఉండాలి. అన్నిటినీ వర్చువల్ చేసెయ్యాలనే తొందర నాకు నచ్చదు.

ఒక సర్వర్ పోతే దాని వీఎంలని రెండోది లేపుతుంది. కానీ సర్వర్లు రెండే ఉంటే ఇంకో చిక్కు. మధ్యలో కేబులు తెగితే ఎవరికి వాళ్ళు "నేనే బతికున్నా" అనుకుని ఒకే వీఎంని ఇద్దరూ నడిపేస్తే డేటా నాశనం. అందుకే మూడో ఓటు వేసే చిన్న పెట్టె ఒకటి పెట్టాలి. మన రూములో ఫ్యాను గొడవకి జడ్జిగారు ఎట్లా ఉండేవాడో అట్లా! (వాడు ఇంకా రెండో నంబరు మీదే పెట్టమంటాడా? అడుగు.)

పాత ట్యాలీ మిషన్‌ని, డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసే డిస్క్‌టువీహెచ్‌డీతో అట్లాగే ఎత్తి వీఎం చేశాను. వీఎం డిస్కుల కోసం ఉండే విర్ట్‌ఐఓ డ్రైవరు లేకుండా పెడితే విండోస్ లేవక నీలి తెర వస్తుంది కదా, ముందు మామూలు సాటా డిస్కుగా లేపి, పక్కన చిన్న విర్ట్‌ఐఓ డిస్కు ఒకటి తగిలించి, డ్రైవరు ఎక్కాక అసలుది మార్చాను. ట్యాలీ లైసెన్సు మళ్ళీ యాక్టివేట్ చేశాం. అప్పటికి రాత్రి ఎంతయిందో... సరే, అదంతా వదిలెయ్.

ఇప్పుడు విను. పత్తి సీజన్ మొదలయ్యేలోపు అప్పగించాలి. ఆఫీసంతా పై గది ముందు చేరింది. సర్వర్లకి అప్పటికే పసుపు, కుంకుమ బొట్లు. పెద్దాయన చేతులు కట్టుకుని, "ఏమప్పా, అయిదు మిషన్లు ఈ రెండు డబ్బాల్లో యాడ పట్టిచ్చినావు? ఒగటి పోతే?" అన్నాడు.

"మీరే పోగొట్టండి పెద్దాయనా" అన్నాను.

ముందే పూర్తి బ్యాకప్ తీసి ఉంచాను, అది వేరే సంగతి. ఆయన కింద కూర్చుని ట్యాలీలో ఒక వోచరు కొట్టాడు. పైకొచ్చి, ట్యాలీ నడుస్తున్న సర్వర్ వెనక ఒక కరెంటు వైరు పీకాడు. ఏమీ కాలేదు. "రెండోదీ పీకండి, దీనికి సప్లైలు రెండు" అన్నాను. ఆయన షావుకారు వైపు చూశాడు. షావుకారు నా వైపు చూశాడు. పెద్దాయన పీకేశాడు!

ఫ్యాన్లు ఆగిపోయాయి. కింద కంప్యూటర్లలో ట్యాలీ బిగుసుకుపోయింది. రెండో సర్వర్ వెంటనే లేపదు రా, మొదటిది నిజంగా పోయిందని తేల్చుకున్నాకే లేపుతుంది. ఆ రెండు మూడు నిమిషాలు షావుకారికి ఒకటే టెన్షన్, జేబురుమాలు తీసి మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను స్క్రీను మీద నుంచి కన్ను తియ్యలేదు. తర్వాత వీఎంలు ఒకటొకటిగా పచ్చబడ్డాయి. విండోస్ లేచింది. ట్యాలీ తెరుచుకుంది.

పెద్దాయన కిందికి వెళ్ళి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి, ఆయన కొట్టిన ఆఖరి వోచరు తప్ప. ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి డేటా నిమిషానికి ఒకసారే వెళ్తుంది, ఆఖరి నిమిషం పోవచ్చని ప్లానులోనే రాసి, వాళ్ళకి చదివి వినిపించాను కూడా. అయినా ఆయన మొహం చూడాలంటే భయమేసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితం చూసి అదే వోచరు మళ్ళీ కొట్టి, "పది దినాలు యాడ, ఒగ వోచరు యాడ! నువ్వు చెప్పినట్లే అయ్యిందప్పా" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు. నీ వాటా కూడా నేనే తిన్నాను, నువ్వుంటే బజ్జీ దగ్గర ఏం చేసేవాడివో నాకు తెలుసు.

నేను ఈ పని ఎందుకు చేస్తున్నానో ఆ రోజు... ఫోన్లో చెప్తాలే. ఇంకా ఆదోని మిల్లులో బ్యాకప్ సర్వర్ బిగించాలి. కర్నూల్లో ఏం జరిగినా ఒక కాపీ అక్కడ ఉంటుంది. బ్యాకప్ తీస్తే చాలదు, అక్కడ ఒకసారి రీస్టోర్ చేసి చూపిస్తానని పెద్దాయనకి మాటిచ్చాను. ఆయనా వస్తాడట, మళ్ళీ వోచరు కొట్టి చూస్తాడట!

ఇదిగో, కింద హారన్ కొడుతున్నారు, సామాను బండి వచ్చింది. నీ పెళ్ళిచూపుల సంగతి రాయనే లేదు, ఆ అమ్మాయి ఏమందో వెంటనే రాయి.

ఉంటాను,
నీ మామ