ఆదివారం రంగస్థల కళాకారులతో ముచ్చట్లు

విజయనగరం మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు, మన గ్రంథాలయం మేడ మీద.

ముగ్గురు వస్తున్నారు: పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన, మన ఉత్తరాంధ్ర జానపద నృత్యనాటకమైన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టే కళాకారుడు, తెర వెనుక ముఖాలకు రంగులు వేసే ఆవిడ.

1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించిన ఊరు మనది. ఆ మాట ప్రతి సభలోనూ గొప్పగా చెప్పుకుంటాం. కానీ పక్కవీధి నటుడికి ఒక ప్రదర్శనకు ఎంత ముడుతుందో, ప్రదర్శనలు లేని నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుందో అడిగినవాళ్లం తక్కువే. ఈసారి అడుగుదాం, కాస్త మర్యాదగా. రాత్రంతా పద్యాలు పాడే గొంతును ఎలా కాపాడుకుంటారన్నది నా ప్రశ్న.

మీ ప్రశ్న శుక్రవారంలోపు ఇక్కడే రాయండి. ఒక్కొక్కరికి ఒక్కటే. “మీకు స్ఫూర్తి ఎవరు?” మాత్రం వద్దు, దయచేసి!

ఇంట్లో పాత నాటకాల కరపత్రాలు, ఫొటోలు ఉంటే తీసుకురండి.

హార్మోనియం మేడ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. 4:30కే రాగలవారు పేర్లు చెప్పండి.

మరచిపోవద్దు: వారిని అడగకుండా వీడియో తీయకండి. ఫోన్లు మోగకుండా చూసుకోండి. టీ, పకోడీ ఏర్పాటు ఉంది.