మా స్లాబ్ కాడ నిలబడ్డోళ్లందరికీ శనార్తులు

అందరికీ నమస్తే. మా ఇంటి స్లాబ్ ఖరాబైతే మా పక్కన నిలవడ్డోళ్లకు థాంక్స్ చెప్పుకుంట చానా రోజుల సంది రాద్దామనుకుంట వాయిదా వేస్తున్న, మొన్న 28 రోజుల క్యూబ్ రిపోర్ట్ (కాంక్రీట్ దిమ్మెలు నానవెట్టి బలం చూసే పరీక్ష) చేతికచ్చింది, ఇగ ఇయ్యాల కూసొని రాస్తున్న. కొంచెం పొడుగే ఉంటది, ఓపికున్నోళ్లు చదవున్రి.

నాది హన్మకొండల జిరాక్స్ షాపు. హసన్‌పర్తి దిక్కు నాయన కొనిపెట్టిన జాగల పోయినేడు ఇల్లు మొదలువెట్టినం. మెటీరియల్‌తో సహా కాంట్రాక్ట్ ఇచ్చినం, కాంట్రాక్టర్ మాకు దూరపు చుట్టమే, నాకు బామ్మర్ది వరుస అయితడు. పేరు రాయ, ఎవ్వలు కామెంట్ల అడగొద్దు, తెలిసినోళ్లు కూడా రాయొద్దు, ఇప్పుడు లొల్లి ఖతమైంది. చుట్టం కదా అని కాయితం రాసుకోలే. రోజూ మందికి అగ్రిమెంట్లు పదీ ఇరవై కాపీలు తీసిచ్చేటోన్ని, నా ఇంటికి ఒక్క కాయితం లేదు. దీని మీద మా ఇంటామె ఒక్క మాట కూడా అనలే ఇన్ని నెలలు, అందుకే మొదటి థాంక్స్ ఆమెకే, ఎందుకంటే స్లాబ్‌కు ముందే రెండుసార్లు చెప్పింది రాయించుకో అని.

రోహిణి కార్తెల స్లాబ్ వోసిన్రు. ఎండ సంగతి మీకు తెలుసు, పొద్దుగాల పదింటికే ఇనుప సలాక ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. కాంక్రీట్ కలిపే మిల్లర్ల మాల్ గట్టిపడుతున్నదని పెయింటు డబ్బాతోని నీళ్లు గుమ్మరిచ్చుడే, బస్తాకు రెండు డబ్బాలు, ఒక్కోపాలి మూడు. నేను చూస్తనే ఉన్న, నాకేం తెలుసు, నీళ్లు ఎక్కువుంటే మంచిగ పారుతది కదా అనుకున్న. మాల్‌ను కుదించే వైబ్రేటర్ మిషన్ నడుమల్నే ఖరాబయింది, సలాకతోని పొడిచిన్రు. మూడు రోజులు నీళ్లు పట్టి చాలు అన్నడు. ఎనిమిదో రోజు నేను షాపుల ఉండంగనే సెంట్రింగ్, అంటే స్లాబ్ కింద ఆసరాకు పెట్టిన ప్లేట్లు, జాకీలు మొత్తం ఊడదీసుకొని పోయిండు, ఇంకో సైటుకు ప్లేట్లు కావాలెనట.

ఆ రోజు మాపటికి పోయి పైకి చూస్తే నా గుండె జారింది. హాల్ బీమ్ కింద కంకర కంకరలెక్కనే కనవడుతున్నది, నడుమ సిమెంటు లేదు, సలాక రెండు ఫీట్ల పొడుగు బయటికి తేలింది. మిరుగు వానకు హాల్‌ల నాలుగు చోట్ల నీళ్లు కారినయ్. ఫోన్ చేస్తే ఏమన్నడో తెలుసా, "బావా, గిది ప్రతి ఇంట్ల అయ్యేదే, ప్లాస్టరింగ్‌ల పోతది." తెల్లారి మనిషిని గూడ పంపిండు, తాపీ, సిమెంటు పట్టుకొని వచ్చిండు ఆ బొక్కలు పూడ్సుడానికి.

ఆ మనిషిని ఆపింది మా పక్క వీధిల కొత్తిల్లు కడుతున్న మేస్త్రి మామ. ఆయనకు మాతోని ఏ సంబంధం లేదు. ముందు పిలిస్తే రాలే, "తమ్మీ, మా పనోళ్ల నడుమ పంచాది వద్దు" అన్నడు, నాకు కోపం గూడ వచ్చింది. కని రాత్రి బువ్వ తిన్నంక ఆయనే టార్చి పట్టుకొని వచ్చిండు. జేబుల బండి తాళంచెవి తీసి బీమ్‌ను గీకిండు. ఇసుక రాలినట్టు రాలింది. కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత అన్నడు, "రేపు పొద్దుగాల వాడు వస్తే తాపీ పెట్టనియ్యకు. కప్పిచ్చినవంటే నీ నోరు నువ్వే కప్పుకున్నట్టు." ఒక కాంట్రాక్టర్ మీద ఇంకో మేస్త్రి నోరిప్పుడంటే ఈ ఏరియాల రేపటి పని పోగొట్టుకున్నట్టే, ఇల్లు కట్టినోళ్లకు తెలుస్తది ఆ మాట బరువెంతో. మామా, నీకు దండం.

ఇగ సారు సంగతి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ మీద అసిస్టెంట్ ఇంజనీరుగ చేసి రిటైర్ అయిన సారు, మా షాపుకు పెన్షన్ కాయితాల జిరాక్స్‌కు వస్తడు, అంతే పరిచయం. ఒకనాడు నా మొకం చూసి "ఏందయ్యా, పానం బాగలేదా" అని అడిగిండు, చెప్పిన. తెల్లారి ఆరింటికి పాత స్కూటర్ మీద టేపు, సుత్తె, టార్చి, ఒక నోట్‌బుక్ పట్టుకొని వచ్చి సైటు కాడ నిలవడ్డడు, నేను నిద్ర మొకంతోని ఉరికిన. సుత్తెతోని కొట్టుకుంట పోయిండు. మంచి కాడ టంగుమని మోగుతది, ఖరాబు కాడ డబ్ డబ్ అంటది, నాకు కూడా చెవికి తెలిసింది. మొట్టమొదలు చెప్పింది ఏందంటే హాల్ కింద మళ్ల జాకీలు పెట్టియ్యి, అందాక అండ్లకు ఎవ్వలను పోనియ్యకు. హాల్ 16 ఫీట్లున్నది, అంటే నాలుగున్నర మీటర్లు దాటింది, గసొంటి స్లాబ్ కింద జాకీలు 14 రోజులుండాలెనని కాంక్రీట్ పనులకు మన దేశపు రూల్ బుక్కు ఐఎస్ 456 కోడ్ల ఉన్నదట, చిన్న రూములకైతే 7 రోజులు. మా కాడ అన్నీ ఒక్కటే రోజు పోయినయ్.

నీళ్ల సంగతి గూడ ఆయనే లెక్క చెప్పిండు. బస్తా సిమెంటుకు 25 లీటర్లు, మహా అయితే 30. మా కాడ డబ్బా 20 లీటర్లది, రెండంటే 40, ఇసుకల తడి వేరే. ఎక్కువైన నీళ్లు ఆరిపోతయి, అవి ఉన్న జాగ బొక్కలైతది, అంతే సంగతి అన్నడు. పారుతున్నదని సంబరపడ్డ నా అసొంటోళ్లు ఇది యాదివెట్టుకోవాలె.

ఇప్పుడు అసలు కథ మా అవ్వది. మా అవ్వకు సదువు రాదు. స్లాబ్ నాడు సిమెంటు దించుతుంటే షెడ్డు గోడకు బొగ్గుతోని గీతలు పెట్టింది, బస్తాకు ఒకటి, అయిదింటికి అడ్డం గీత. ఎందుకే అవ్వా అని నేను నవ్విన అప్పుడు. వడ్ల బస్తాలు ఎట్ల లెక్కవెట్టేదో గట్లనే. సారు ఆ గోడ కాడ చానాసేపు నిలవడి లెక్కవెట్టిండు, 97. తర్వాత నోట్‌బుక్ తీసి, స్లాబ్ 1,050 చదరపు ఫీట్లు, మందం 5 ఇంచులు, బీములు కలుపుకుంటే సుమారు 16 క్యూబిక్ మీటర్ల మాల్ వడ్తది, ఎం20 (28 రోజులకు చదరపు మిల్లీమీటర్‌కు 20 న్యూటన్ల బలం రావాల్సిన గ్రేడ్) అంటే సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు, దానికి క్యూబిక్ మీటర్‌కు 8 బస్తాలు కావాలె, అంటే 128. మా గోడ మీద 97. క్యూబిక్ మీటర్‌కు ఆరు బస్తాలు వడ్డట్టు, అది ఒకటి, రెండు, నాలుగు మాల్, ఎం15 అన్నట్టు. మాతోని మాట్లాడుకున్నది, పైసలు తీసుకున్నది ఎం20కి.

31 బస్తాలు. బస్తా 330 లెక్కన పదివేల చిల్లర. పదివేల కోసం మా ఇంటి కప్పు మీద చెయ్యి వెట్టిండు, నాకు ఇప్పటికీ అదే సమజ్ కాదు, అడిగితే ఆ పదివేలు నేనే ఇస్తుంటి కదా.

సిమెంటు షాపాయన డెలివరీ చిట్టీల కాపీలు మారుమాట లేకుంట తీసిచ్చిండు, అండ్ల గూడ సరిగ్గ 97. ఆయనకు కాంట్రాక్టర్ రెగ్యులర్ గిరాకీ, నేను ఒక్కపారి కొనేటోన్ని. సేటూ, నీకు గూడ థాంక్స్.

మా అక్క బిడ్డ హన్మకొండ కోర్టుల జూనియర్ వకీల్. కాయితం లేదంటే తల పట్టుకున్నది, "మామా, నీ షాపుల రోజుకు ఎన్ని అగ్రిమెంట్లు జిరాక్స్ అయితయే" అని అడిగి మళ్ల తనే నవ్వింది. కని వదిలిపెట్టలే. ఫోన్‌పే హిస్టరీ మొత్తం, 8,40,000 ఏ తారీఖుల ఎంత పోయిందో, వాట్సాప్ వాయిస్‌లల్ల కాంట్రాక్టర్ తన నోటితోని "ఎం20 ఏస్తున్న బావా" అన్నది, అన్నీ తీసి వరుసగ పెట్టింది. గోడ మీద గీతలు ఒక్కటే అయితే నిలవది మామా, చిట్టీలు, ల్యాబ్ రిపోర్టు తోడైతే నిలుస్తది అన్నది. ల్యాబ్ అనంగనే సారు ఏమన్నడంటే, బలం చూసేటందుకు సుత్తె లెక్క కొట్టే రీబౌండ్ హ్యామర్ ఉత్త అంచనాకే, ఇరవై అయిదు శాతం దాక అటూ ఇటూ అయితది, కోర్ తీపియ్యి, అంటే స్లాబ్‌ల నుంచి గుండ్రటి ముక్క కోపిచ్చి ల్యాబ్‌ల చూపియ్యి అని. మూడు కోర్లు తీసిన్రు, స్లాబ్‌కు గుండ్రటి బొక్కలు పెడుతుంటే అవ్వ చూడలేక బయటికి పోయింది. మూడింటి సగటు అనుకున్న బలంల 85 శాతం ఉండాలె, ఏ ఒక్కటీ 75కు తక్కువ రావద్దు, అంటే ఎం20కి సగటు 17, ఒక్కోటి 15. మావి 12.6, 13.9, 14.3 వచ్చినయ్. మూడింట్ల ఒక్కటి గూడ పాస్ కాలే.

రిజిస్టర్ పోస్టుల నోటీసు పంపినం, జవాబు లేదు. చుట్టాలందరి ఫోన్లు మాత్రం వచ్చినయ్. మనోడే కదా, ఇజ్జత్ తియ్యకు, పెండ్లిల్లల్ల మొకాలు చూసుకోవాలె అని. మా ఇల్లు కూలితే చూసుకునుడానికి మొకాలుంటయా అని ఒకలతోని అన్న, ఆ మాటకు మాత్రం నాకు బాధ లేదు. కన్జ్యూమర్ కమిషన్‌ల ఏసుడే అనుకున్నం, ఇల్లు కట్టిచ్చుడు గూడ సేవ కిందికే వస్తది, రెండేండ్ల లోపట ఏసుకోవచ్చు, మనం ఇచ్చింది 5 నుంచి 10 లక్షల నడుమ ఉంటే ఫీజు 200 రూపాయలే, వకీల్ లేకున్నా మనమే మాట్లాడుకోవచ్చు. ఈ సంగతి తెల్వక ఎంతమంది గమ్మున ఊకుంటున్నరో. కని మా మేనకోడలు ముందుగాల న్యాయ సేవాధికార సంస్థల ప్రీ లిటిగేషన్, అంటే కేసు ఏసుడుకు ముందే రాజీ మాటలు, పెడదాం, పైస ఖర్చు లేదు, కుదరకపోతే కమిషన్ యాడికీ పోదు అన్నది. అక్కడ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తరు, అది కోర్టు డిక్రీతోని సమానం, మళ్ల అప్పీల్ ఉండది.

పిలిస్తే కాంట్రాక్టర్ వచ్చిండు. మొదలు కూలోళ్ల మీదికి తోసిండు, తర్వాత ఎండ మీదికి తోసిండు. మా మేనకోడలు ఫైల్ తియ్యబోతుంటే అవ్వ ఆపింది. "బిడ్డా, నువ్వు దించిన ప్రతి బస్తాకు నేనొక గీత గీసిన. నువ్వు నా పక్కపొంటే ఛాయ్ తాగుకుంట కూసున్నవ్. లెక్క తప్పితే ఇప్పుడు చెప్పు." ఆయన తల ఎత్తలే. ల్యాబ్ రిపోర్ట్ చూపిచ్చుడు గూడ తర్వాతి ముచ్చటే అయింది. అక్కడి సార్లు, మేడం ఓపికగ నాలుగు సార్లు కూసోవెట్టి మాట్లాడిచ్చిన్రు, దసరా అయినంక ఒప్పందమైంది. మేం ఆయనకు ఇయ్యకుంట ఆపిన 1,60,000 ఇయ్యక్కరలేదు, ఆయన పైనుంచి 90,000 రెండు కిస్తులల్ల ఇయ్యాలె. ఇదంత సరిచేసుకునుడుకు మాకు మొత్తం ఖర్చు 3,10,000 దాటింది, అరవై వేలు మా నెత్తిమీద వడ్డయ్, పడనియ్యి. రెండు కిస్తులు టైముకే ఇచ్చిండు, అది గూడ రాయాలె కదా.

హాల్ స్లాబ్ పగులగొట్టి మళ్ల పోసినం కార్తీకంల. బీములకు జాకెటింగ్ చేసి, అంటే చుట్టూ కొత్త సలాక కట్టి, సన్న కంకర మైక్రో కాంక్రీట్ ఏసిన్రు. పని చేసింది మేస్త్రి మామనే, కూలీ మొత్తం తీసుకున్నడు, తీసుకోవాలె, గది ఆయన కష్టం. సారు కుర్చీ ఏసుకొని మిల్లర్ పక్కనే కూసున్నడు, నీళ్లు కొలిసి పోపిచ్చిండు, సలాక అడుగుకు అంటకుంట కింద పెట్టే కవర్ బిళ్లలు ఒక్కొక్కటి వంగి చూసిండు, డెబ్బై దాటిన మనిషి. ఆరు క్యూబులు నింపి మా గోలెంల నానవెట్టినం, మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు. మడులు కట్టి 14 రోజులు నీళ్లు నిలవెట్టినం, మా బోరు నీళ్లు పొయ్యకపోతే పక్కింటి వదిన పైపు గోడ మీదికెల్లి ఇచ్చింది, కరెంటు బిల్లు ఇస్త అంటే తిట్టింది. వదినా, సకినాలు పంపుతున్న, అవన్న తీసుకో.

28 రోజుల రిపోర్ట్ల మూడు క్యూబులు గూడ 26 దాటినయ్. సారుకు చూపిస్తే కండ్లద్దాలు తీసి మళ్ల పెట్టుకొని చదివిండు, "ఊ" అన్నడు, ఆ కాయితం ఒక జిరాక్స్ తీసియ్యమన్నడు. పైసలు ఇయ్యబోతే తీసుకోలే. నేను జిరాక్స్ పైసలు తీసుకోకపోతే మాత్రం మూడు రూపాయలు కౌంటర్ మీద పెట్టి పోయిండు.

ఇంకొక్క మాట. మా మేనకోడలు ఒక అగ్రిమెంట్ నమూనా తెలుగుల రాసిచ్చింది, రెండు పేజీలు, ఏ గ్రేడ్ మాల్, ఎన్ని రోజులు నీళ్లు, జాకీలు ఎప్పుడు తియ్యాలె, ఏ పని అయినంక ఎంత పైస, అన్నీ ఉన్నయ్. ఇల్లు కట్టేటోళ్లు ఎవ్వలైనా షాపుకు రాండ్రి, ఊకెనే కాపీ ఇస్త. చుట్టంతోని కట్టిచ్చుకునేటోళ్లకు రెండు కాపీలు.