రసీదులో ‘లక్ష్మి’ని నిలబెట్టినవాళ్లకు కృతజ్ఞతలు

నేను వెబ్‌సైట్ చేసిపెట్టిన పాల సంఘంలో రసీదులు ఇప్పుడు పీడీఎఫ్‌లో ఒత్తులతో సహా సరిగ్గా వస్తున్నాయి. అందుకు సాయపడిన ముగ్గురికి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లలో ఇద్దరికి తెలుగు రాదు.

వెబ్‌పేజీలో చక్కగా కనిపించే ‘లక్ష్మి’ పీడీఎఫ్‌లోకి వెళ్లేసరికి ముక్కలయ్యేది. క మీద పొల్లు, ష మీద పొల్లు, చివర్లో విడిగా మి. పాలు పోసినావిడకి తన పేరే అర్థం కాకపోతే పక్కనున్న లీటర్ల లెక్క ఎలా నమ్ముతుంది? “పేర్లు ఇంగ్లిష్‌లో కొట్టేస్తే పోలా” అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ థాంక్స్ వాళ్లకు కాదు.

పీడీఎఫ్ తయారుచేయడానికి నేను వాడుతున్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా వాడుకోగల రెడీమేడ్ కోడ్) వాళ్ల దగ్గర ఇష్యూ పెట్టాను, అంటే తప్పు ఇదీ అని రాసిపెట్టాను. ఆ లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్ గారు వెంటనే ఏదో ఒక మందు రాసిచ్చేయలేదు. తప్పు ఫాంట్‌దా, లైబ్రరీదా ముందు తేల్చుకుందాం అన్నారు. అక్షరాలను కలిపి చూపించే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే హెచ్‌బీ-షేప్ అనే కమాండ్‌కి అదే ఫాంట్, అదే మాట ఇచ్చి చూడమన్నారు. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు. ఫలితం శుభ్రంగా వచ్చింది. ఏయే అక్షరాలు కలిస్తే ఏ ఆకారం రావాలో ఫాంట్‌లో రాసే ఉంది. లైబ్రరీ మాత్రం దాన్ని పట్టించుకోకుండా ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతోంది. ‘లక్ష్మి’ మన కంటికి 2 అక్షరాలే గానీ, కంప్యూటర్లో ఒక్కో గుర్తుకి ఒక్కో నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో 7 కోడ్‌లు. ఆ కలిపే పని చేసేది హార్ఫ్‌బజ్. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అది లోపలే ఉంది కాబట్టి బ్రౌజర్‌లో మనకి ఈ బాధ తెలియదు.

రెండో ఆయన హార్ఫ్‌బజ్‌ని లైబ్రరీకి తగిలించడంలో నా పక్కనే ఉన్నారు. నా ప్యాచ్‌ని (కోడ్‌లో నేను చేసిన మార్పులని) వరసవరసా చదివి, ఎందుకు మార్చాలో కారణంతో సహా రాశారు. ఇంత ఓపిక జీతం తీసుకునే చోట కూడా నేను చూడలేదు.

అయిపోయింది అనుకున్నాక మూడో ఆవిడ వచ్చారు. ఆవిడ తెలుగువారే. పీడీఎఫ్‌లో పేరు కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసి చూడమన్నారు. గజిబిజిగా వచ్చింది! టైప్ చేసేటప్పుడు గుడి ‘మ’ తర్వాత వస్తుంది, చూపించేటప్పుడు మాత్రం ‘క్ష’ మీదకెక్కి, మ ఒత్తు దాని తర్వాత వస్తుంది. బొమ్మల వరసలో కాపీ చేస్తే పేరు మారిపోతుంది, వెతికితే దొరకదు. ‘యాక్చువల్‌టెక్స్ట్’ అనే ఏర్పాటు పీడీఎఫ్‌లో ఉందని, అసలు మాటని బొమ్మల వెనక దాచి ఉంచవచ్చని ఆవిడే చెప్పారు. దాంతో సంఘం గుమస్తా గారు ఇప్పుడు పాత రసీదులు పేరుతో వెతుక్కుంటున్నారు.

డబ్బు పంపుతానంటే మెయింటెయినర్ గారు వద్దన్నారు. సంఘం వాళ్లు నెయ్యి డబ్బా పంపుదామన్నారు గానీ, అది ఏ దేశం కస్టమ్స్ దాటుతుందో నాకు నమ్మకం లేదు. ఆయన అడిగింది ఒక్కటే: కష్టమైన తెలుగు మాటలు. వాటిని టెస్టుల్లో పెడితే రేపు ఎవరు కోడ్ మార్చినా, తెలుగు విరిగితే వెంటనే బయటపడుతుంది. స్త్రీ, రాష్ట్రం, మత్స్యం ఇప్పటికే చేరాయి. ‘సాఫ్ట్‌వేర్’ కూడా చేరింది. అందులో ట్ తర్వాత కంటికి కనపడని ఒక కోడ్ ఉంటుంది, అది పోతే వ కూడా ట లాగే వెళ్లి ఫ కి ఒత్తుగా ఇరుక్కుంటుంది.

ముగ్గురికీ, అలాగే తెలుగు ఫాంట్లు గీసి ఉచితంగా వదిలినవాళ్లందరికీ మా సంఘం తరఫున నమస్కారాలు. మీ ఊరి పేర్లలో, ఇంటిపేర్లలో మూడేసి హల్లులు కలిసినవేమైనా ఉంటే నాకు పంపండి. ఈ వారం ఇంకో జాబితా ఆయనకి పంపాలి.