కీమో తేదీ వేసేలోపే అడుగు

నేస్తం,

క్యాన్సర్ వార్డులో డ్యూటీ మొదలైందన్నావు కదా. ఒక్క విషయం నీ చెవిన వేస్తాను, ఓపిగ్గా చదువు.

కీమోతో, తర్వాత పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. అందుకే వీర్యాన్నో అండాలనో ముందే తీసి దాచుకోవచ్చు. అయినా కీమోకి ముందు ఈ సంగతి ఎత్తని డాక్టర్లు ఎందరో. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. ముందు ప్రాణం దక్కనీ అనుకుంటారు. పెళ్లే కాలేదుగా, ఇప్పటికే ఇద్దరున్నారుగా, ఖర్చు భరించలేరేమో అని పేషెంట్ బదులు తామే తేల్చేస్తారు. పదిహేనేళ్ల కుర్రాడైతే వాళ్లమ్మ ముందు వీర్యం మాట ఎత్తడానికి మొహమాటం. అన్నింటికన్నా నష్టం చేసేది మాత్రం ‘కావాలంటే వాళ్లే అడుగుతారులే’ అనుకోవడం. క్యాన్సర్ అన్న మాట విన్నాక ఆ మనిషికి ఇంకేం గుర్తుకొస్తుంది చెప్పు? అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2006లోనే ఈ మాట డాక్టరే ముందుగా ఎత్తాలంది. 2013లో ఆ బాధ్యతను నర్సులతో సహా చికిత్సలో ఉన్న అందరికీ పంచింది.

‘టైమ్ లేదు’ అన్న మాట కూడా వింటావు. మగవాళ్ల విషయంలో అది నిలవదు. వీర్యం ఇవ్వడం ఒక్క పూట పని. ఒకటి రెండు రోజుల ఎడంతో రెండు మూడు శాంపిళ్లు దొరికితే మంచిదే. ఒక్కటే దొరికినా, వీర్యకణాలు తక్కువున్నా పారేయకు. ల్యాబులో వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో ఒక అండానికి ఒక్క కణం చాలు. కాకపోతే కీమో మొదటి డోసు పడకముందే తీసుకోవాలి. తర్వాతైతే కణాల్లో డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు.

ఆడవాళ్లకు అండాలు తీయాలంటే నెలసరి వచ్చేదాకా ఆగాలన్నది పాత లెక్క. ఇప్పుడు ఏ రోజైనా అండాలు పెరిగే ఇంజెక్షన్లు మొదలుపెట్టొచ్చు, రెండు వారాల్లో అయిపోతుంది. అండాలు పక్వం కావడానికిచ్చే చివరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత సుమారు 36 గంటలకు అండాలు తీసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్ పెరుగుతుందని భయపడతారు. ఇంజెక్షన్లతో పాటు ఈస్ట్రోజన్‌ని తగ్గించే లెట్రోజోల్ మాత్ర ఇస్తే అది అదుపులో ఉంటుంది.

ఆ రెండు వారాలు కూడా లేకపోతే, లేదా ఇంకా పెద్దమనిషి కాని పిల్లయితే, లాపరోస్కోపీతో అండాశయం ముక్క తీసి దాచొచ్చు. అలా దాచిన ముక్కను తిరిగి పెట్టాక మొదటి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. లుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో మాత్రం జాగ్రత్త, ఆ ముక్కతో పాటే క్యాన్సర్ కణాలు వెనక్కి రావొచ్చు.

అండాశయాల పనిని కొన్నాళ్లు ఆపి ఉంచే గోసెరెలిన్ ఇంజెక్షన్ ఇచ్చి పని అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. కీమోకి కనీసం వారం ముందు మొదలుపెట్టి నెలనెలా 3.6 మిల్లీగ్రాములు ఇస్తే కొంత కాపు కాస్తుంది, నిజమే. అండాలు దాచడానికి బదులు కాదది. అలాగే, కీమో అయ్యాక నెలసరి తిరిగొచ్చిందని ధీమా చెప్పకు. నెలసరి వస్తున్నా అండాల నిల్వ బాగా తరిగిపోయి ఉండొచ్చు.

నిజంగానే ఆగడానికి వీల్లేని కేసులుంటాయి. అప్పుడు కూడా ఆ మాట దాచకుండా చెప్పు, కారణంతో సహా. పిల్లలు పుట్టే అవకాశాన్ని బాగా దెబ్బతీసే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులో, పొత్తికడుపుకి రేడియేషనో ఉందంటే బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే ఫెర్టిలిటీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. కుర్రాడితో అయితే అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోబెట్టి మాట్లాడు. అడిగావనీ, ఏమన్నారనీ ఫైల్లో రాయి. దాచినవాటిని ఎన్నాళ్లు ఉంచాలో, ఆ మనిషి పోతే ఏం చేయాలో కూడా అప్పుడే రాయించుకుని సంతకం తీసుకోమను.

నీ
నేస్తం