కుర్రోళ్లు సోమరులా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈకాలం పిల్లోళ్లకి ఒళ్లు వంగదు అనే మాట యాడ చూసినా వినిపిస్తాంది, 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలి అన్నప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో పెట్టిన హద్దే వారానికి 48 గంటలు కదా సార్, ఓవర్‌టైమ్ వేరే లెక్క.

అనంతపురంలో టవర్‌క్లాక్ దగ్గర రాత్రిపూట నిలబడి చూడండి, పార్సిల్ బ్యాగులు తగిలించుకుని తిరిగే పిల్లోళ్లలో డిగ్రీ చదివినోళ్లు చానామంది ఉన్నారు, పెట్రోలు వాళ్లదే, బండి రిపేరూ వాళ్లదే, ఆర్డర్ రాకపోతే ఆ గంటకి రూపాయి లేదు. దీన్ని పని అనరా?

సేద్యం వదిలేసినారు అని ఇంకో నింద. వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోయి పెట్టుబడి కూడా రాక నాయన అప్పులపాలు కావడం కండ్లారా చూసిన పిల్లోడు బెంగళూరు బస్సెక్కితే అది సోమరితనం ఎట్లయితాది? అయినా ఈ సేద్యం నీకొద్దురా, చదువుకో అని ఫీజులు కట్టి పంపింది మన తరమే.

ఫోన్ ఎక్కువ చూస్తారు, అది నిజమే, మా ఇంట్లో వాడిమీద నేనూ అరుస్తా. కానీ మా కాలంలో ఉద్యోగం వస్తే పెన్షన్ గ్యారంటీ, వీళ్లకి ఏడాది కాంట్రాక్టు. పేపర్లో వీళ్ల గురించి రాసేవాళ్లు ఈసారి జీతమెంత, పీఎఫ్ కడ్తున్నారా అని కూడా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం