ఫార్మాట్ చేయించమని చెప్పే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే కంప్యూటర్ సందేహాల శీర్షికను నేను మొదటి నుంచీ వదలకుండా చదువుతున్నాను. ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేయడమే నా జీవనాధారం కనుక, అందులో పాఠకులు అడిగే ప్రశ్నల్లో చాలావాటిని నేను రోజూ చెవులారా వింటూనే ఉంటాను. గత వారం ఒక పాఠకుడు తన కంప్యూటర్ బాగా నెమ్మదించిందనీ, ఒక్కోసారి పూర్తిగా హ్యాంగ్ అవుతోందనీ రాసి ఏం చేయమంటారని అడిగితే, ఫార్మాట్ చేయించి, అంటే డిస్కులో ఉన్నవన్నీ తుడిపించి, విండోస్ మళ్లీ వేయించుకోవాలని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. అంతకుముందు ప్రింటర్ పనిచేయడం లేదన్న ప్రశ్నకూ, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదన్న ప్రశ్నకూ దాదాపు ఇదే జవాబు ఇచ్చారు. కొద్దిపాటి చోటులో ఎంతోమందికి సమాధానం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఈ ఒక్క సలహా వల్ల ఇళ్లలో జరుగుతున్న నష్టాన్ని దగ్గరగా చూస్తున్నవాణ్ణి కాబట్టి అభ్యంతరం చెప్పక తప్పడం లేదు.

నిరుడు ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇల్లాలు ఏ వెబ్‌సైట్ తెరవబోయినా కనెక్షన్ సురక్షితం కాదనే హెచ్చరిక అడ్డు వస్తోంది. వైరస్ పట్టిందని ఎవరో చెబితే అప్పటికే ఫార్మాట్ చేయించారు. ఆ రోజంతా అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. రాత్రి గోడ మీది స్విచ్ ఆపి పడుకుంటే, తెల్లారేసరికి మళ్లీ అదే హెచ్చరిక. నేను కూర్చోగానే చూసింది తెర అడుగున కుడి మూలన ఉండే తేదీని. అది కొన్నేళ్లు వెనక్కి, ఒక జనవరి 1వ తేదీకి వెళ్లిపోయి ఉంది. డబ్బా విప్పి మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్‌ను గోటితో పైకి లేపి మీటర్ పెట్టి చూస్తే, 3 వోల్టులు ఉండవలసిన చోట 2 కూడా లేవు. సీఆర్2032 అని పిలిచే ఆ సెల్ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉండే చిన్న బిళ్ల; కరెంటు లేనప్పుడు కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపేది అదే. వెబ్‌సైట్లకు ఉండే భద్రతా సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది కాబట్టి, కంప్యూటర్ ఏళ్ల నాటి తేదీలో ఉండిపోతే, ఆ సర్టిఫికెట్ అమలు ఇంకా మొదలే కాలేదని లెక్కగట్టి బ్రౌజర్ అడ్డుపడుతుంది. సెల్ మార్చి తేదీ సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. కానీ ఫార్మాట్‌లో పోయిన ఆమె తల్లిగారి ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు. వాటికి మరో కాపీ ఎక్కడా లేదు. "ముందే తేదీ చూడమని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదండీ" అని ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఫార్మాట్ చేస్తే చాలాసార్లు కంప్యూటర్ బాగుపడినట్టే కనిపిస్తుంది, అందుకే ఆ సలహాకు అంత పలుకుబడి. కొత్తగా వేసిన విండోస్‌లో స్విచ్ వేయగానే తమంతట తామే మొదలయ్యే అదనపు ప్రోగ్రాములు ఉండవు, డిస్కులో ఖాళీ కూడా బోలెడంత ఉంటుంది. ఆ కారణంగా కొన్ని వారాలు చురుగ్గా నడుస్తుంది. అసలు లోపం మరోచోట ఉంటే మాత్రం, వాడేవారు మళ్లీ తమ ప్రోగ్రాములన్నీ వేసుకునే సరికి పరిస్థితి మొదటికి వస్తుంది.

నెమ్మదించింది అన్న ఒక్క మాట వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. స్విచ్ వేశాక తెర వచ్చేదాకా ఆలస్యమా, తెర వచ్చాక మొదటి పది నిమిషాలేనా, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచినప్పుడు మాత్రమేనా, లేక గంటసేపు వాడి వేడెక్కాకనా అని అడిగితేనే దారి దొరుకుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ (కంప్యూటర్ మెదడు), మెమరీ, డిస్క్ అనే పేర్లలో దేని పైన అంకె 100 శాతానికి దగ్గరగా నిలబడి ఉందో చూడటానికి ఇంజినీర్ కానవసరం లేదు. మెమరీ నిండిపోతుంటే, తెరిచి ఉన్న ప్రోగ్రాములు పనిచేసుకునే చోటైన ర్యామ్ సరిపోవడం లేదని అర్థం. డిస్క్ అంకె ఎప్పుడు చూసినా 100 దగ్గరే ఉండి, లోపల ఉన్నది పాత తరహా హార్డ్ డిస్క్ అయితే, చాలావరకు సమస్య అక్కడే. నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక్క చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలాది చిన్న చిన్న ఫైళ్లను చదవాలి, వాటిలో అనేకం డిస్కు మీద తలోచోటా ఉంటాయి. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ డిస్కు అంతకంటే వేగంగా తిరగదు. దాని స్థానంలో తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీ పెడితే, పాత విండోస్‌ను ఫైళ్లతో సహా అలాగే కాపీ చేసి పెట్టినా సరే, కంప్యూటర్ కొత్తదైనట్టు ఉంటుంది. డెస్క్‌టాప్ మీద పదేపదే రిఫ్రెష్ కొడితే వేగం పెరుగుతుందన్న నమ్మకం కూడా చాలా ఇళ్లలో ఉంది. అది తెర మీది ఐకాన్లను మళ్లీ చూపించడమే తప్ప మెమరీని ఖాళీ చేయదు.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నెమ్మదించడం కొన్నిసార్లు హార్డ్ డిస్క్ చావుకు ముందు కనిపించే లక్షణం. డిస్కు మీద కొన్ని భాగాలు చెడిపోయినప్పుడు అది ఒకే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నమే మనకు హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది, చెవి దగ్గర పెట్టి వింటే ఒక్కోసారి టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా వస్తుంది. అటువంటి డిస్కు మీద మొదట చేయవలసిన పని అందులో ఉన్నవాటిని వెంటనే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం. దాన్ని ఫార్మాట్ చేసి విండోస్ వేయడమంటే ఉన్న ఫైళ్లనూ తుడిచేసి, కొనఊపిరితో ఉన్న డిస్కు చేత గంటసేపు చాకిరీ చేయించడమే. గత వారం ప్రశ్న అడిగిన పాఠకుడి కంప్యూటర్‌లో ఉన్నది ఈ లోపమే అయితే ఆ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

రోజూ ఆఫ్ చేస్తూనే ఉన్నామండీ, అయినా బాగుపడటం లేదు అని చెప్పేవారు నాకు చాలామంది తగులుతారు. వారి తప్పేమీ లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ మూలభాగం ఉన్నది ఉన్నట్టుగా డిస్కులో భద్రపడి, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అంటే నిన్నటి చిక్కు కూడా దానితోపాటే లేస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం మొత్తం మొదటి నుంచి మొదలవుతుంది. ఒక పెద్దాయన ఇంట్లో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ కింద అప్ టైమ్ అన్నచోట ఉన్న అంకెను చూపించాను. రాత్రి పడుకునే ముందు క్రమం తప్పకుండా ఆఫ్ చేసే ఆయన కంప్యూటర్, 23 రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్టు అక్కడ ఉంది. రీస్టార్ట్ చేయగానే, అప్పటిదాకా వినిపించని స్పీకర్లు మోగాయి. ఆయన కూడా మర్నాడు ఫార్మాట్‌కు ఇద్దామనే అనుకుంటున్నారు.

ప్రింటర్ విషయంలోనూ అంతే. ఇరుక్కుపోయిన ఒకే ఒక్క డాక్యుమెంట్ వెనుక మిగతావన్నీ ఆగిపోవడం అక్కడ మామూలు. ప్రింట్‌కు పంపినవాటిని వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్ అనే సర్వీసును ఆపి, వరుసను ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెడితే చాలాసార్లు కదులుతుంది. ఇంటర్నెట్ రావడం లేదన్నవారిని, అదే వైఫై మీద ఫోన్‌లో వస్తోందా అని ఒక్క ప్రశ్న అడిగితే లోపం రూటర్ వైపు ఉందో కంప్యూటర్ వైపు ఉందో సగం తేలిపోతుంది.

ఏదో ఎర్రర్ వచ్చింది అని మాత్రమే రాసే పాఠకులకు, ఆ ఎర్రర్‌లోని అక్షరాలే సగం జవాబు అని మీ శీర్షిక నేర్పాలి. 0x80070070 అనే కోడ్ డిస్కులో చోటు లేదని చెబుతుంది, 0x80070005 అనేది అనుమతి లేదని చెబుతుంది. చూడటానికి ఒకేలా కనిపించే ఈ రెండింటిలో మొదటిదానికి అనవసరమైన ఫైళ్లు తీసేస్తే సరిపోతుంది, రెండోదానికి దారి వేరు. తెరను ఫోన్‌తో ఫొటో తీసి పంపమంటే ఎవరైనా పంపగలరు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఫార్మాట్ మునుపటికంటే ప్రమాదకరంగా మారిందన్న సంగతి చాలామందికి ఇంకా తెలియదు. పాత హార్డ్ డిస్కులను తొందరపాటుగా ఫార్మాట్ చేసినా, ఆ పైన కొత్తవేవీ రాయకపోతే, రికవరీ ప్రోగ్రాములతో కొంతైనా తిరిగి తీసేవాళ్లం. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు, తుడిచేసిన చోటును ఇక అవసరం లేదని డ్రైవ్‌కు వెంటనే చెప్పేస్తుంది కాబట్టి ఆ ఆశ దాదాపు ఉండదు. దీనికి తోడు చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు మొత్తం బిట్‌లాకర్ అనే విండోస్ తాళంలో ఉంటుంది. కంప్యూటర్‌ను మొదట లేపే బయోస్ అనే ప్రోగ్రాము అప్‌డేట్ అయినప్పుడో, మదర్‌బోర్డు మార్చినప్పుడో నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది హ్యాకర్ల పని అని భయపడి ఫార్మాట్‌కు ఇచ్చినవారిని నేను చూశాను. ఇళ్లలో వాడే ల్యాప్‌టాప్‌లలో ఆ కీ చాలావరకు, మొదటిసారి సైన్ ఇన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, అంకెలు చూసి కొడితే అంతా ఎప్పటిలాగే ఉంటుంది. ఫార్మాట్ చేశాక మాత్రం ఆ కీ చేతిలో ఉన్నా ప్రయోజనం లేదు.

తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, ఫలానా నంబరుకు వెంటనే ఫోన్ చేయమని గొంతు కూడా వినిపించినప్పుడు కలిగే భయం వేరు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. అది కేవలం బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక పేజీ. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేసి, మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను తెరవకుండా ఉంటే అది పోతుంది. ఆ నంబరుకు ఫోన్ చేసి, వారు చెప్పిన యాప్ వేసి, కంప్యూటర్‌ను వారి చేతికి ఇచ్చినప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. వైరస్ వంటి హానికర ప్రోగ్రాము (మాల్‌వేర్) లోతుగా పాతుకుపోయినప్పుడు, విండోస్ ఫైళ్లు సరిచేయలేనంతగా చెడిపోయినప్పుడు, కంప్యూటర్‌ను మరొకరికి అమ్మేటప్పుడు అదే సరైన పని, నేనూ చేస్తాను. అప్పుడు కూడా, ఫైళ్లను ఉంచి విండోస్‌ను మాత్రం కొత్తగా వేసే రీసెట్ సౌకర్యం విండోస్ 10, 11లలో ముందే అమర్చి ఉందని పాఠకులకు చెప్పాలి. ప్రోగ్రాములు పోతాయి గానీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఉంటాయి. అంతమాత్రాన బ్యాకప్ లేకుండా దానికి పూనుకోకూడదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగియడంతో, విండోస్ 11 వేయించుకోవడానికి కంప్యూటర్లు ఇస్తున్నవారు ఎక్కువయ్యారు కాబట్టి ఈ మాట ఇప్పుడు మరీ అవసరం. పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాముతో ముందుగా చూసుకుంటే తమ కంప్యూటర్‌కు విండోస్ 11 పనికొస్తుందో లేదో తెలుస్తుంది, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదని చూపిస్తే, అది నిజంగా లేకపోవచ్చు, ఉండి కూడా బయోస్‌లో ఆపి ఉండవచ్చు.

అందువల్ల నా విన్నపం ఏమిటంటే, ప్రశ్న పంపేవారు ఏ విండోస్ వాడుతున్నారో, సమస్య ఎప్పుడు మొదలైందో, దానికి ముందు కొత్తగా ఏం వేశారో, తెర మీద అక్షరాలు ఏమున్నాయో తప్పనిసరిగా రాయాలని శీర్షిక పైభాగాన వారం వారం అచ్చువేయండి. ఫార్మాట్ అన్న మాట వాడవలసి వచ్చిన ప్రతి జవాబుకూ ముందు, దాచుకోవలసినవి మరోచోట ఉన్నాయో లేదో చూసుకోవాలన్న వాక్యం ఒకటి చేర్చండి. చోటు చాలకపోతే ఆ వారం ఒక ప్రశ్న తగ్గినా పరవాలేదు.

గత వారం ప్రశ్న అడిగిన పాఠకుడు ఇంకా కంప్యూటర్‌ను ఫార్మాట్‌కు ఇచ్చి ఉండకపోతే, నా తరఫున ఈ నాలుగు మాటలు ఆయనకు చేరేలా చూడండి. అయ్యా, ఈరోజే మీ ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, కాపీ అయినవాటిలో కొన్నింటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ఆ తరువాత ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ పేరు పైన అంకె 100 దగ్గర ఉందో చూసి పత్రికకు రాయండి.

ఇట్లు,
కంప్యూటర్లు బాగుచేసే ఒక పాఠకుడు