వాక్స్‌హాల్ గోడల దగ్గర నాకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. లండన్‌లోని వాక్స్‌హాల్ ప్రాంతంలో శనివారం ఉదయాల్లో జరిగే ఆడవారి పార్కూర్ (గోడలు, మెట్ల వంటి అడ్డంకులను ఒంటి బలంతోనే దాటే సాధన) తరగతిలో నాకు శిక్షణ ఇచ్చినవారికి, నాతోపాటు నేర్చుకుంటున్నవారికి, ఆ సమయంలో మా అబ్బాయిని తమ ఇంట్లో ఉంచుకుని చూసుకున్నవారికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. వారిలో చాలామందికి తెలుగు రాదు కాబట్టి వారికి చెప్పవలసింది ఎదురుగానే చెప్పాను. అయినా ఇక్కడ తెలుగులో రాయడానికి కారణం, వారు చేసిన సాయం ఎలాంటిదో మనవాళ్లకు, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్లకు, తెలియాలన్న కోరిక.

ఈ తరగతిలో చేరడానికి ముందటి చలికాలంలో మంచు గడ్డకట్టిన మెట్ల మీద జారిపడి నా కుడి మణికట్టు విరిగింది. ఎముక బాగానే అతుక్కుంది, ఫిజియోథెరపీ కూడా పూర్తయింది. చేయి కోలుకుంది కానీ నడకలో ధైర్యం మాత్రం తిరిగి రాలేదు. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్టు దిగలేకపోయేదాన్ని. అండర్‌గ్రౌండ్ స్టేషన్లలో ఎస్కలేటర్ ముందు ఆగిపోయి వెనకనున్నవారికి దారి ఇచ్చేదాన్ని. వాన పడిన రోజున పని ఉన్నా ఇల్లు కదిలేదాన్ని కాదు. ఆ సంగతి గమనించిన ఒక సహోద్యోగిని నన్ను వెంటబెట్టుకుని ఈ తరగతికి తీసుకువెళ్లారు. మేడల మీంచి మేడల మీదికి దూకే కుర్రవాళ్ల వీడియోలు తప్ప పార్కూర్ గురించి ఏమీ తెలియని నాకు, అక్కడ మోకాలెత్తు గోడల చుట్టూ అన్ని వయసుల ఆడవాళ్లు నెమ్మదిగా నడుస్తూ, పాకుతూ, ఎక్కి దిగుతూ కనిపించడం ఎంతో ఊరటనిచ్చింది.

శిక్షకురాలు మొదట అడిగింది నా మణికట్టు గురించే. అందరూ కాళ్లూ చేతులూ నేలకు ఆనించి నాలుగు కాళ్ల నడక నడుస్తుంటే, నాకు మాత్రం నిలబడి అరచేతులతో గోడను నెట్టే పని ఇచ్చారు. కొన్ని వారాలకు పిడికిలి ఆనించి పాకడం, ఆ తరువాత అరచేతి మీద కొంచెం కొంచెంగా బరువు వేయడం నేర్పారు. ఒక చెయ్యీ ఒక కాలూ గోడ మీద మోపి, రెండో కాలిని మధ్యలోంచి అవతలికి దాటించే సేఫ్టీ వాల్ట్‌ను ఎడమచేతి వైపు నుంచే మొదలుపెట్టించారు. నా చెయ్యి ఎక్కడ ఆగుతుందో నాకంటే ముందే కనిపెట్టిన ఆ ఓపికకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

ఈ తరగతిలో ఒక నియమం ఉంది: అందరూ కలిసి మొదలుపెట్టాలి, అందరూ కలిసే ముగించాలి. ఇది పారిస్ శివార్లలోని ఎవ్రీ, లిస్ వంటి చోట్ల పెరిగి, పార్కూర్‌కు పునాది వేసిన యువకుల నుంచి, 1997లో యమకాసి పేరుతో ఒక జట్టుగా అందరికీ తెలిసినవారి నుంచి వచ్చిన పద్ధతి అని మా శిక్షకురాలు చెప్పారు. వారి సాధనకు మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి. ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్, 1902లో మార్టినిక్ ద్వీపంలో పెలే అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సహాయక చర్యల్లో పాల్గొని, ఒంట్లో బలం ఇతరులకు పనికొచ్చేందుకే ఉండాలన్న నమ్మకంతో తన వ్యాయామ పద్ధతిని రూపొందించాడు. ఆ పద్ధతి ఫ్రెంచి సైనిక శిక్షణలోకి, అక్కడి నుంచి అగ్నిమాపక దళంలో పనిచేసిన రేమోన్ బెల్‌కు, ఆయన నుంచి ఆయన కొడుకు డేవిడ్ బెల్‌కు, అతని స్నేహితులైన ఆ యువకులకు చేరింది. ఈ చరిత్ర వినడానికి బాగానే ఉంటుంది కానీ, దాని అర్థం నాకు తెలిసింది రెండు పొట్టి గోడల మధ్యనే.

ఆ గోడల మధ్య ఖాళీ నా పాదాలతో కొలిస్తే ఆరు పాదాలు. అదే దూరంలో నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి దూకమన్నారు, సునాయాసంగా దాటాను. పేవ్‌మెంట్ అంచు మీంచి కూడా దాటాను. గోడ ఎక్కి నిలబడేసరికి మాత్రం మోకాళ్లు వంగనని మొరాయించాయి. అప్పటికే తమ వంతు పూర్తిచేసి నీళ్లు తాగుతున్నవాళ్లు సీసాలు పక్కన పెట్టి తిరిగి వచ్చారు. ఇద్దరు చెరో పక్కన నిలబడి చేతులు చాచారు. పట్టుకోలేదు, అందేంత దూరంలో ఉంచారు, అంతే. నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ నా పక్కనే గోడెక్కి, తాను ఎప్పుడో నేర్చుకున్న ఆ దూకును నాకోసం మళ్లీ మొదటినుంచి చేసి చూపించారు. ఆ రోజు నేను దూకలేదు. "దిగండి, మీరు చేయగలిగినదానితో ఈ రోజు ముగిద్దాం" అన్నారు శిక్షకురాలు. మిగతావాళ్లంతా నాతోపాటు నేల మీది గీతల దగ్గరికే వచ్చి, అక్కడే అందరం కలిసి ముగించాం. తరువాత మరో శనివారం ఆ ఖాళీ దాటాను. పాదాల ముందు భాగం మీద, మోకాళ్లు వంచి, దాదాపు చప్పుడు కాకుండా దిగాను. చప్పుడు తక్కువైతే దెబ్బను కీళ్లకు బదులు కండరాలు మోస్తున్నాయని అర్థం. తోటివాళ్లు నవ్వి, "మళ్లీ" అన్నారు. ఒక్కసారి చేసినది చేసినట్టు కాదన్నది పాత సాధకుల మాట.

2017 జనవరిలో బ్రిటన్ పార్కూర్‌ను అధికారికంగా క్రీడగా గుర్తించింది. అదే ఏడాది అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దానిని తన పరిధిలోకి తీసుకుని పోటీలు పెట్టే ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు పలు దేశాల సాధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పోటీలంటే ఇష్టపడేవారిని నేను తప్పుపట్టను. అయితే గెలుపోటముల లెక్క ఉన్న చోటికి నావంటి మనిషి అడుగు పెట్టేదే కాదు, పెట్టినా తన వంతు ముగించినవారికి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడే తీరిక ఉండేది కాదని నా గట్టి నమ్మకం. అందుకే పోటీ లేకుండా ఈ తరగతిని నడుపుతున్నవారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

మా పై అంతస్తులో ఉండే గుంటూరు పిన్నిగారికి నేను పడిన రుణం వేరు. శనివారం పొద్దున్నే మా వాణ్ణి పైకి పిలిపించుకుని, వాడికి ఇడ్లీ పెట్టి, తెలుగు అక్షరాలు దిద్దించి, "నువ్వు నిదానంగా రామ్మా, తొందరేం లేదు" అని ఆమె అనకపోయి ఉంటే, మొదటి నెలలోనే ఏదో ఒక సాకుతో నేను మానేసి ఉండేదాన్ని. "ఈ వయసులో గోడలెక్కడమేమిటి" అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. పిన్నిగారూ, మీకు నా నమస్కారాలు.

ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వైపు చెయ్యి పోవడం లేదు. వానలో కూడా తరగతికి వెళుతున్నాను, తడి గోడ మీద కాలు ఎలా మోపాలో కూడా అక్కడ నేర్పుతారు కాబట్టి. వచ్చే నెల కొత్తవారు చేరుతున్నారు. వారి పక్కన నిలబడే పని కొంత నాకు అప్పగించారు. దక్షిణ లండన్‌లో ఉంటున్న మన ఆడవాళ్లలో ఎవరికైనా రావాలని ఉంటే నాకు ఒక మాట చెప్పండి. ప్రత్యేకమైన దుస్తులేమీ అక్కర్లేదు, నేను లెగ్గింగ్స్ మీద పాత కుర్తీతోనే వెళుతున్నాను. పట్టు గట్టిగా ఉన్న మామూలు బూట్లు ఉంటే చాలు. మొదటి రోజు స్టేషన్ బయట కలుసుకుని నేనే వెంట తీసుకువెళతాను.